తుక్కు యార్డును నేను కదిపిన ఏడాది

ఆ ఉద్యోగంలో చేరేనాటికి నాకు ఇరవై నాలుగేళ్లు. ఛత్తీస్‌గఢ్‌లో, రాయ్‌పూర్‌లో ఫ్యాక్టరీలకు ప్లాన్లు గీసిచ్చే చిన్న ఆఫీసు మాది. ఏ మెషీను ఎక్కడ పెట్టాలి, సరుకు ఏ దారిన వెళ్లాలి, అదీ మా పని. కాలేజీలో నేర్చుకున్నదంతా కూర్చి నేనొక కంప్యూటర్ ప్రోగ్రాం రాశాను. ఫ్యాక్టరీలో ఒక్కో విభాగాన్ని ఒక్కో గడిగా చూపిస్తే, అది రెండేసి గడుల చోట్లు మార్చి చూస్తుంది. సరుకు తిరిగే దూరం తగ్గితే ఆ మార్పు ఉంచుకుంటుంది, లేకపోతే వదిలేస్తుంది. అలా లక్షల సార్లు. గుఢియారీలో మా ఇంటికెళ్లి అన్నం తినొచ్చేసరికి ఎవరికీ తట్టని అమరిక ఒకటి తెర మీద ఉండేది. నాకు భలే గర్వంగా ఉండేది.

తిల్దా రోడ్డు మీద తుక్కు ఇనుము కరిగించే ఫ్యాక్టరీ ఒకటి మాకు పని ఇచ్చింది. వాళ్ల తుక్కు యార్డు ఎక్కడో వెనక, రేకుల షెడ్డు కింద ఉండేది. అక్కణ్ణుంచి ఫర్నేస్ దాకా, అంటే ఇనుము కరిగించే కొలిమి దాకా, రోజంతా తుక్కు మోయడమే. నా ప్రోగ్రాం యార్డును తెచ్చి ఫర్నేస్ పక్కనున్న ఖాళీ జాగాలో పెట్టింది. దూరం సగానికి సగం తగ్గింది. ఫ్యాక్టరీ యజమాని సేఠ్‌గారు చూసి "వాహ్ మేడమ్" అన్నారు. ఎండాకాలంలోనే మార్పులన్నీ చేయించేశారు.

మే నెలాఖరులో చూడ్డానికి వెళ్లాను. ఫోన్లో అమ్మతో తెలుగులో మాట్లాడుతుంటే విని ఫోర్‌మన్ దగ్గరికొచ్చారు. విజయనగరం జిల్లా మనిషి, ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్నారట.

"ఈ బొమ్మ నువ్వే గీసేవా అమ్మా?"

"నేనే బాబాయ్. ఎలా ఉంది?"

ఆయన నన్ను తుక్కు గుట్ట దగ్గరికి తీసుకెళ్లి, అందులోంచి ఒక వైపు నొక్కుకుపోయిన గొట్టం ఒకటి లాగి చూపించారు.

"వానొస్తే దీన్లోకి నీళ్లెల్తాయి. పైకి కనపడవు. దీన్ని కరిగిన ఇనుములో పడేస్తే ఏటవుద్దో తెలుసా?"

నాకు తెలీదు.

"నీళ్లు ఒక్కపాలి ఆవిరైపోతాయి తల్లీ. పైనున్న ఇనుమంతా పిడుగులాగ లెగుస్తాది. మా ఊరోడొకడు అలాగే పోయేడు, వేరే ఫ్యాక్టరీలో. పాతోళ్లు ఆ షెడ్డు ఊరికే కట్టలేదు."

మేం కొలతలు రాసుకున్న కాయితంలో ఆ షెడ్డు పొడవూ వెడల్పూ ఉన్నాయి. పైకప్పు సంగతి లేదు. కొత్త చోట కప్పే లేదు. ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

ఆఫీసుకొచ్చి మా సారుకు చెబితే, "సేఠ్ సంతకం పెట్టాడు, మన పని అయిపోయింది" అన్నారు. సేఠ్‌గారికి ఫోన్ చేస్తే, వానలకింకా టైముంది, రేకులు వేయిస్తాలే అన్నారు. వేయించలేదు. తర్వాతి పది రోజులూ నేను ఆకాశం చూడకుండా ఒక్క గంట గడపలేదు. మధ్యాహ్నం ఎండ మాడుతుంటే ప్రాణం కుదుటపడేది. కాస్త గాలి తిరిగితే మేడ మీదికెళ్లి మబ్బులు చూసేదాన్ని. చపాతీ సగంలో వదిలేసి లేచేదాన్ని. ఏమైందే అని అమ్మ అడిగితే, పని ఎక్కువైందన్నాను. నేను గీసిన గీతల వల్ల ఒక మనిషి కాలిపోతాడేమో అని అమ్మకెలా చెప్పను?

ఒకరోజు పొద్దున్నే వాన పడింది. అరగంటే, కానీ గట్టిగా పడింది. నేను ఫోర్‌మన్‌గారికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. స్కూటీ తీశాను. దారంతా లారీలు, బురద. నేను వెళ్లేసరికి ఏం చూడాల్సి వస్తుందో అని దారి మధ్యలో ఒకచోట ఆగిపోయాను. వెనక్కి వెళ్లిపోదామనిపించింది. అది నిజం.

గేటు దాటి లోపలికి పరుగెత్తాను. క్రేన్ అప్పుడే తుక్కు బకెట్‌ను ఎత్తింది. అడుగునుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఫర్నేస్ పక్కన ప్లాట్‌ఫారం మీద నలుగురు నిలబడి ఉన్నారు.

"ఆపండి! ఆపండి!"

పుట్టిందగ్గర్నుంచి హిందీలో పెరిగినదాన్ని, ఆ క్షణాన ఒక్క హిందీ ముక్క నోటికి రాలేదు. పైన క్రేన్ నడిపే అతను ఛత్తీస్‌గఢీ మనిషి. నావైపు అర్థం కానట్టు చూశాడు. బకెట్ కదులుతూనే ఉంది. నేను రెండు చేతులూ ఊపుతూ తెలుగులోనే అరుస్తున్నాను.

మెట్ల దగ్గర్నుంచి, అప్పుడే డ్యూటీకొచ్చిన ఫోర్‌మన్‌గారు ఆపమని హిందీలో అరిచారు. "రోక్! రోక్ దే!"

బకెట్ ఆగింది. గాల్లో ఊగుతూ ఫర్నేస్‌కు నాలుగడుగుల ఇవతల నిలిచింది. ఆయన ముందు నలుగుర్నీ కిందికి దింపి, తర్వాత బకెట్‌ను దూరంగా నేల మీద కుమ్మరించమన్నారు. గొట్టాల్లోంచి, డబ్బాల్లోంచి నీళ్లు బడబడా కారాయి. నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. ఎవరో మంచినీళ్లిచ్చారు.

గంట తర్వాత సేఠ్‌గారు వచ్చారు. "పని ఎవరు ఆపారు?" అని గదిమారు.

ఫోర్‌మన్‌గారు ఏదో చెప్పబోయారు. నేను లేచి, "నేనే ఆపించాను. నా ప్లాన్ తప్పు" అన్నాను. ఈసారి హిందీ వచ్చింది. ఆయన చాలాసేపు అరిచారు. తర్వాత కుమ్మరించిన తుక్కు దగ్గరికెళ్లి, ఆ తడి నేలను చూసి, యార్డును వెనక్కి మార్చమన్నారు. వారంలో యార్డు మళ్లీ పాత షెడ్డు కిందికి వెళ్లింది. మా సారు నాతో నెలరోజులు సరిగ్గా మాట్లాడలేదు.

యార్డు మారిన రోజు సాయంత్రం, తుక్కు కప్పు కిందే ఉండాలని ప్రోగ్రాంలో ఒక్క వాక్యం రాశాను. అది వెంటనే ఒప్పేసుకుని కొత్త అమరిక చూపించింది. దాంతో నాకు భయం తగ్గలేదు, పెరిగింది. చెబితే వింటుంది. కానీ నేను చెప్పనివి ఇంకా ఎన్నున్నాయి?

మర్నాడు ఒక నోట్‌బుక్ పట్టుకుని ఫోర్‌మన్‌గారి దగ్గరికెళ్లాను. "బాబాయ్, ఇక్కడ ఏది ఎందుకు ఎక్కడుందో మొదట్నుంచీ చెప్పండి" అన్నాను.

"ఒక రోజు పడుద్దమ్మా," అన్నారాయన, గేటు నుంచి మొదలుపెట్టడానికి అటు నడుస్తూ. మూడు రోజులు పట్టింది.