ఇన్నమ్మ గంట

గోదావరికి ఇవతల, సారపాక దాటి అడవి మొదలయ్యే చోట ఇప్పలగుంపు అని ఒక పల్లె. నలభై గడపలు. పల్లె చివర రెండు గదుల బడి, బడిని ఆనుకుని ఇన్నమ్మ ఇల్లు. ఆ ఇంటి వంటగది గోడకు ఒక మేకు ఉంది. పదిహేనేళ్ళుగా ఆ మేకుకు బడి తాళంచెవి వేలాడుతోంది. కింద గూట్లో ఒక లావుపాటి లారీ బోల్టు ఉంటుంది. నది పక్కనున్న కాగితం మిల్లుకు కర్ర మోసే లారీ నుంచి ఎప్పుడో ఊడిపడింది. బడి ముందున్న ఇప్పచెట్టు కొమ్మకు రైలు పట్టా ముక్కొకటి వేలాడదీసి ఉంటుంది. దాని మీద ఆ బోల్టుతో కొడితే అదే బడిగంట.

ఇన్నమ్మ పంతులమ్మ కాదు, ఆయమ్మ కాదు. బడిలో బిడ్డ చదువుకుంటున్న ఒక తల్లి, అంతే. పెద్దవాడు క్రిస్టోఫర్‌ను ఒకటో తరగతిలో వేసిన ఏడు అప్పటి సారు భద్రాచలం నుంచి బస్సులో వచ్చేవాడు. వంతెన మీద ఒక లారీ అడ్డం తిరిగితే చాలు, పిల్లలు ఎండలో నిలబడేవాళ్ళు. "దగ్గరున్నది నువ్వే గదమ్మా, కొంచెం తాళం తీసి పెట్టు" అని ఆయన ఒకనాడు చెవి చేతిలో పెట్టాడు. ఆ సారు బదిలీ అయిపోయాడు. తరువాత ముగ్గురు సార్లు మారారు. తాళంచెవి మాత్రం మేకు దిగలేదు. క్రిస్టోఫర్ వెనక ఇద్దరు, వాళ్ళ వెనక ఏంజెల్, ఒకరి పలక ఒకరికి అందిస్తూ నలుగురూ ఆ బడిలోనే చదివారు. పొద్దున్నే తాళం తీయడం, రెండు గదులూ ఊడ్చడం, గంట కొట్టడం ఇన్నమ్మకు ముఖం కడుక్కోవడం లాంటి పనులయ్యాయి.

గంట కొట్టాక ఆమె వెంటనే వెళ్ళిపోయేది కాదు. పట్టా ముక్క మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేది. చెవులకు మోత ఆగిపోయాక కూడా ఇనుములో సన్నటి జలదరింపు ఒకటి మిగిలి ఉంటుంది, కునుకు పట్టిన పసిబిడ్డ వీపు మీద చెయ్యి వేసినట్టు. అది పూర్తిగా సద్దుమణిగేదాకా ఆమె కదిలేది కాదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇన్నమ్మ పుట్టింది సత్తుపల్లి వైపు. మూడో తరగతి నడుస్తుండగా అమ్మకు మళ్ళీ కాన్పయింది. తమ్ముణ్ణి చంకనెత్తుకుని, రెండు మేకలను తోలుకుని వాగు గట్టుకు పొమ్మన్నారు. బడి మానెయ్యమని ఎవరూ అనలేదు. ఒకరోజు వెళ్ళలేదు, మర్నాడూ వెళ్ళలేదు, అంతే. వాగు అవతల నుంచి గంట వినిపించేది. ఇప్పుడు ప్రార్థన, ఇప్పుడు లెక్కలు, ఇప్పుడు ఇంటిగంట అని తమ్ముడి చెవిలో చెప్పేది. ఆమె బడికి ముగింపంటూ లేదు. ఎక్కడో ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో వెతుక్కుంటున్నట్టు ఒక్కోసారి కలలో వాగు నీళ్ళలో నడుస్తూ ఉంటుంది. నీళ్ళు మోకాళ్ళ లోతే ఉంటాయి గాని గట్టు ఎంతకీ రాదు.

ఈ ఏడు బడికి ఆఖరి రోజు, ఏప్రిల్ ఇరవై మూడు, దగ్గరపడుతున్నకొద్దీ ఆ కల ఎక్కువైంది. ఏంజెల్ అయిదో తరగతి అయిపోతోంది. జూన్‌లో హాస్టలుకు పోతుంది. బడిలో బిడ్డ ఉన్న తల్లే అమ్మల కమిటీలో ఉండాలి, తాళంచెవి కమిటీలో ఉన్నవాళ్ళ దగ్గరే ఉండాలి. ఆ రూలు ఇన్నమ్మకు తెలుసు. ఇంకెవరికైనా గుర్తుందో లేదోనని నెల రోజులుగా ముఖాలు చూస్తోంది.

ఆ రోజు రానే వచ్చింది. ఒంటిపూట బడి. పది గంటలకే ఎండ ముదిరింది. అడవి నుంచి ఇప్పపూల తీపి వాసన, నది మీంచి మిల్లు ఆవిరి వాసన కలిసి బడి వరండాలోకి వస్తున్నాయి. తల్లులంతా గోడకు ఆనుకుని కూర్చున్నారు. సారు ఉదయ్ భాస్కర్ ఒక్కొక్కరిని పిలిచి ప్రోగ్రెస్ కార్డు చేతికిస్తున్నాడు. బడిలో వంట చేసే మంగమ్మ బెల్లం పాయసం గిన్నెల్లో పోసి పంచుతోంది.

"ఏందే ఇన్నమ్మా, గిన్నె ముందల పెట్టుకుని గట్ల కూసున్నవ్? బెల్లం తక్కువైందా?"

"లేదు వదినా, మంచిగుంది."

"మంచిగుంటే తినాలె. చూస్తుంటే నోట్లెకు పోతదా?"

కార్డులు అయిపోయాయి. సారు రిజిస్టరు మూసి గొంతు సవరించుకున్నాడు.

"ఇన్నమ్మా, మీ ఏంజెల్‌ది కూడా అయిపోయింది. చెప్పాలంటే నాకూ మనసొప్పటం లేదు. రూలు ప్రకారం తాళంచెవి ఇంకో తల్లికి అప్పజెప్పాలి. ఎవరు తీసుకుంటారు?"

ఒకామె కొంగు సర్దుకుంది. ఒకామె బిడ్డ ముక్కు తుడిచింది. ఇన్నమ్మ పాయసంలోకి చూస్తూ లోపల ఒకే మాట అనుకుంటోంది: ఎవరూ అడగొద్దు, ఎవరూ అడగొద్దు.

మంగమ్మ గరిటె పక్కన పెట్టింది. "రూలు కాగితం మీద ఉంటది సారు. కాగితం బీరువల ఉంటది. బీరువ తాళంచెవి గూడ ఆమె తాననే ఉంటది. ఇగ రూలు ఎట్ల బయటికొస్తది?"

వరండా అంతా నవ్వింది. సారుకు కూడా నవ్వు ఆగలేదు. "సరే, ఎప్పటిలాగే ఉండనియ్యండి. నేను రాయను, మీరు చెప్పకండి."

ఇన్నమ్మ పాయసం తాగింది. ఇప్పుడు బెల్లం రుచి తెలిసింది.

గేటు దగ్గర అందరూ నిలబడి ఫోటో దిగారు. పిల్లలు పళ్ళేలు వాయించుకుంటూ వెళ్ళిపోయారు. సారు బండి దుమ్ములో కనుమరుగైంది. ఇన్నమ్మ రెండు గదుల కిటికీలు మూసి, తలుపుకు తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుంది. వెనక్కి తిరిగితే వరండా మెట్టు మీద సక్రి కూర్చుని ఉంది. ఒళ్ళో ఆమె కూతురు దేవిక నిద్రపోతోంది.

సక్రి ఈ పల్లెకు కొత్త. దీపావళి అయ్యాక తండా నుంచి వచ్చారు. మొగుడు బిచ్యా జామాయిలు తోటల్లో కర్ర కొట్టి మిల్లు లారీలకు ఎత్తుతాడు. బడి వెనకే రేకుల షెడ్డులో ఉంటున్నారు. దేవిక ఒకటో తరగతి.

"అందరు పోయిన్రు గద, నువ్వు పోలేదేంది?" అంది ఇన్నమ్మ.

"అక్కా, ఒకటి అడుగుత. నవ్వొద్దు."

"అడుగు."

"ఆ బోల్టు ఎంత బరువుంటది?"

ఇన్నమ్మ నవ్వలేదు. ఇంటిగంట కొట్టాక ఇంకా చేతిలోనే ఉన్న బోల్టు అందించింది. సక్రి రెండు చేతులూ పట్టి తీసుకుంది. కాసేపు ఊరికే తూచి చూసింది.

"నేననుకున్నంత లేదు. నువ్వు కొడుతుంటే శాన బరువుంటదనుకున్న."

"చెయ్యెత్తంగ ఉండదు. దించంగ ఉంటది."

"మా తండల బడి బందైందక్క. పిల్లలు తక్కువున్నరని. గంట గూడ తీస్కపోయిన్రు. నేను చదువుకోలె గని, ఆ గంట ఇనే పొయ్యి ఎలిగించేది. బడి పోయినంక ఎప్పుడు పొద్దుగాల అయితదో ఎప్పుడు మాపైతదో తెల్వకపోయేది." సక్రి కూతురి తల సవరించింది. "ఈడికొచ్చినంక దేవికను నేను ఒక్కనాడు లేపలె. నీ గంటనే లేపుతది."

ఇప్పచెట్టు మీంచి ఎండిన పువ్వు ఒకటి రాలి సక్రి భుజం మీద పడింది. సక్రి దులుపుకోలేదు, చూసుకోలేదు. ఆమె చూపు పట్టా ముక్క మీదే ఉంది. వాగు ఇవతల గట్టు మీద చంకలో పిల్లవాడితో నిలబడిన పిల్ల చూపు ఎట్లా ఉండేదో ఇన్నమ్మ తన ముఖం మీద ఎప్పుడూ చూసుకోలేదు. ఇప్పుడు చూసింది.

బొడ్లోంచి తాళంచెవి తీసి సక్రి అరచేతిలో పెట్టింది.

"నాకెందుకక్క?"

"జూన్‌ల ఏంజెల్ ఉండదు. నీ బిడ్డ ఇంక నాలుగేండ్లుంటది."

"సారు నీ తాననే ఉండమన్నడు గద."

"సారుకు నేను చెప్త."

"నాకు చదువు రాదక్క."

"గంట కొట్టెతందుకు చదువెందుకే. నేను మాత్రం ఏం చదివిన? దా, చూపిస్త."

పిల్లను మెట్టు మీద పడుకోబెట్టి ఇద్దరూ చెట్టు కిందికి వెళ్ళారు. గంట కొడితే పిల్లలు పరిగెత్తుకొస్తారు కాబట్టి ఉత్త గాలిలో నేర్పింది. ఇది మొదటి గంట, నిమ్మళంగా తొమ్మిది. ఇది ప్రార్థన గంట, మూడు. ఇది అన్నం గంట, ఎంత జల్దీ కొడితే అంత మంచిది. ఇంటిగంట మాత్రం పొడుగ్గా, చెయ్యి నొప్పి పుట్టిందాక. సక్రి బోల్టు ఎత్తి, ఇనుముకు జానెడు దూరంలో ఆపేది. ఇన్నమ్మ తల ఊపేది. నడి ఎండలో ఇద్దరు ఆడవాళ్ళు చప్పుడు లేని గంటలు కొట్టారు. చివరికి ఇన్నమ్మ సక్రి చెయ్యి పట్టుకుని పట్టా ముక్క మీద ఆనించింది.

"కొట్టినంక గిట్ల పెట్టు."

"ఎందుకక్క?"

"పెడితే నీకే తెలుస్తది."

సాయంత్రం మిల్లు కూత వేశాక ఇన్నమ్మ మొగుడు ఆంథోని ఇంటికొచ్చాడు. చొక్కా విప్పుతూ గోడ వంక చూశాడు.

"మేకు ఖాళీగుందేంది?"

"సక్రికిచ్చిన. బోల్టు గూడ."

"సారు అడిగిండా?"

"లేదు. నేనే ఇచ్చిన."

"మంచిగైంది. ఇగ నా చొక్కాకు చోటు దొరికింది" అన్నాడు. అన్నాడే గాని చొక్కా ఆ మేకుకు తగిలించలేదు. ఎప్పటిలాగే తలుపు మీద వేశాడు.

మర్నాడు తెల్లవారుతుండగా ఇన్నమ్మ చెయ్యి దానంతటదే గోడ మీదికి వెళ్ళి, మేకును తడిమి, వెనక్కి వచ్చింది. వాకిట్లో కూర్చుంది. చెట్ల మధ్య పొగమంచు కాదు, అడవిలో ఎవరో ఇప్పచెట్ల కింద ఆకులు కాల్చిన పొగ, నడుము ఎత్తున నిలబడి ఉంది. పొగలోంచి చెట్లు నీళ్ళలో నిలబడ్డట్టు కనిపిస్తున్నాయి. మోకాళ్ళ లోతు, అనుకుంది. గట్టు ఎటు ఉందో, అనుకుంది.

అప్పుడు గంట మోగింది.

నిమ్మళంగా ఒకటి. రెండు. మూడు. ఇన్నమ్మ కదల్లేదు. చెవుల్లో మిగిలిపోయిన మోతేమో అనుకుంది. లోపల నుంచి ఏంజెల్ లేచి వచ్చింది.

"అమ్మా, గంట."

"నీకు గూడ ఇనొస్తున్నదా?"

"అందరికి ఇనొస్తది గదనే. గంట గద." ఏంజెల్ పళ్ళెం తీసుకుని పరిగెత్తింది.

ఇన్నమ్మ లేచింది. బాట మీద పిల్లలు వస్తున్నారు. సగం నిద్రలో కొందరు, రిబ్బను సగం కట్టుకుని కొందరు, చేతుల్లో పళ్ళేలు. సెలవుల మొదటి రోజు. పదకొండేళ్ళ కింద ఇన్నమ్మ ఇలాగే కొట్టింది. మూడోబిడ్డకు జ్వరం వచ్చి, రాత్రంతా మేలుకుని, తెల్లారగానే సెలవులన్న సంగతి మరిచి, చెయ్యి అలవాటు కొద్దీ కొట్టేసింది. పిల్లలందరూ వచ్చారు. వచ్చినవాళ్ళను ఉత్త కడుపుతో ఎట్లా పంపుతామని తలా పిడికెడు బియ్యం తెచ్చి అక్కడే వండిపెట్టారు. పల్లె ఇప్పటికీ ఆ కథ చెప్పుకుని నవ్వుతుంది.

ఇన్నమ్మ వెళ్ళేసరికి సక్రి చెట్టు కింద నిలబడి ఉంది. తలంటుకుని, ఉతికిన రవిక తొడుక్కుని ఉంది. అరచెయ్యి పట్టా ముక్క మీద ఉంది.

"సక్రీ, ఇయ్యాల్టి నుంచి సెలవులు గదనే."

"అవ్. తెలుసు గదక్క." సక్రి కంగారుగా చూసింది. "సెలవుల మొదటి రోజు గంట కొట్టి, పిల్లలందరికి అన్నం పెడతరంట గద? మిరప చేన్ల అందరు చెప్పిన్రు. ఇన్నమ్మ గంట అంటరంట గద ఈ రోజును. నువ్వు చెప్పుడు మర్సిపోయినవనుకున్న."

ఈలోగా మంగమ్మ జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. పిల్లల వరుసను చూసింది, సక్రిని చూసింది, సంగతి కనుక్కుని నుదురు కొట్టుకుంది.

"ఒక్కతి మరిచి కొట్టింది, ఒక్కతి గుర్తుంచుకుని కొట్టింది. ఈ రెండిళ్ళ నడుమ నా పొయ్యి చల్లారేటట్టు లేదు. నిలబడ్డరేందే, బియ్యం తేపోండి."

పిల్లల వెనకే వచ్చిన తల్లులు ఇళ్ళకు మళ్ళారు. ఎవరో కట్టెలు తెచ్చారు. సక్రి బిక్కమొహం వేసుకుని ఇన్నమ్మ దగ్గరికి వచ్చింది.

"తప్పు చేసిన్నా అక్క?"

"పది కొట్టినవ్. తొమ్మిదే కొట్టాలె."

"లెక్క తప్పిన. చెయ్యి ఆపబుద్ధి కాలె." సక్రి గొంతు తగ్గించింది. "నువ్వు చెప్పింది నిజమే. ఇంక లోపల తిరుగుతనే ఉన్నది. చూడు."

ఇన్నమ్మ చెయ్యి చాచబోయి ఆగింది. చేతిలో ఏదో ఉంది. చూసుకుంది. స్టీలు పళ్ళెం. వంటింట్లో ఎప్పుడు అందుకుందో, దాన్ని పట్టుకుని ఇంత దూరం ఎట్లా నడిచి వచ్చిందో తెలియలేదు.

మంగమ్మ పొయ్యి దగ్గర నుంచి చూసింది. "నువ్వు గూడ గంట ఇనే వచ్చినావే? అయితే పో, పోయి వరుసల నిలబడు. నీకు ముందల పెట్టుడు లేదు."

ఇన్నమ్మ పళ్ళెం ఛాతీకి ఆనించుకుని వెళ్ళి, వరుస చివర దేవిక వెనక నిలబడింది.