పది రోజులకని వచ్చిన కుక్క

1989 ఫిబ్రవరి, రెండో గురువారం, పొద్దున ఆరు గంటల నలభై నిమిషాలు. నేను వాకిట్లో ముగ్గు సగం వేశాను. పశువుల దవాఖాన కాంపౌండరు సైకిలు మీదనే ఒక కాలు నేలకు ఆనించి, "అక్కా, జర పట్టుకో" అని ఒక తాడు కొస నా చేతికిచ్చాడు. పట్టుకున్నాను. నా తప్పు అంతవరకే. తాడు రెండో కొసన కుక్క ఉంది. అది ముగ్గు మీదుగా నడిచి వచ్చి నా చీర కుచ్చిళ్లలో తల దూర్చింది.

ఏడాది వయసుంటుంది. తెల్లది, చెవులు మాత్రం గోధుమ రంగు. కాలు విరిగిందని ఎవరో దవాఖానకు తెచ్చి, కట్టు కట్టించి, మళ్లీ రాలేదట. రెండు నెలల నుంచి దవాఖాన వెనుక రేకుల షెడ్డులోనే ఉంది. ఇప్పుడు ఆ షెడ్డు దూడలకు కావాలి.

"పది దినాలు ఉంచుకో అక్కా. గంతల ఎవలన్న దొరుకుతరు. మస్తు మంచి కుక్క."

"మంచిదైతే నీ ఇంట్లో పెట్టుకోరాదు?"

"మా ఇంటామె నన్నే బయట పండుకోబెడ్తది. దీన్ని యాడ పెట్టాలె?"

కాదనలేకపోయాను. అంతకు ముందు ఏడాది మా బర్రె ఈనలేక అవస్థ పడినప్పుడు, అతను నాలుగు గంటలు మా కొట్టంలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. బర్రె బతికింది, దూడ బతికింది. ఆ నాలుగు గంటల ముందు పది రోజులు ఏ మూలకు?

మాది పసుపు కమీషన్ దుకాణం. ముందు దుకాణం, మధ్యలో ఇల్లు, వెనుక రైతులు తెచ్చిన పసుపు దింపే పెద్ద ఆవరణ. మా ఆయన దుకాణంలోంచి వచ్చి కుక్కను చూశారు. కుక్క ఆయనను చూసి, నిలబడి, ముందరి కాళ్లు రెండూ ఆయన భుజాల మీద వేసింది. దానికి తెలిసిన మర్యాద అదొక్కటే. తెలిసినవారికీ తెలియనివారికీ అందరికీ అదే చేసేది.

"పది దినాలే," అన్నారు మా ఆయన, ముఖం పక్కకు తిప్పుకుని. "పదకొండో దినం నేనే తాడు ఇప్పుత. మళ్ల నన్ను అనొద్దు."

తాడు విప్పడమంటే ఏమిటో మా ఊరి వాళ్లకు చెప్పనక్కర్లేదు. అవి పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజులు. ఊరి చుట్టూ కళ్లాలలో కొమ్ములు పరిచి ఉండేవి. కుక్కలు తవ్వి పాడు చేస్తాయని కాపలావాళ్లు మందు కలిపిన రొట్టె ముక్కలు చుట్టూ వేసేవారు. ఏది కనిపిస్తే అది నోట్లో పెట్టుకునే ఇలాంటి కుక్క ఆ రోజుల్లో వీధిలో రెండు రోజులు బతకదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు. తెలియనిది కుక్కకే. అది అప్పటికే ఆయన కుడి చెప్పుతో దొడ్లోకి వెళ్లిపోయింది.

దానికి పేరు పెట్టలేదు. పేరు పెడితే ఉంచుకున్నట్టే అని నా లెక్క.

మొదటి రోజు సాయంత్రమే మా వీధి చివర ఉండే రిటైరైన హెడ్మాస్టరు తీసుకెళ్తానన్నారు. ముప్పై నాలుగేళ్లు బడి నడిపినాయన.

"వదిలిపెట్టిన చోట కూర్చోదు సార్," అన్నాను. నేను దాచి చెప్పే మనిషిని కాను.

"చెల్లెమ్మా, రెండువందల మంది పిల్లలను ఎండల లైన్ల నిలబెట్టిన. గిదెంత?"

గురువారం సాయంత్రం అయిదింటికి తీసుకెళ్లారు. శనివారం పొద్దున పదింటికి తిరిగి తెచ్చారు. నలభై ఒక్క గంట. తెచ్చారు అనడం కూడా సరి కాదు. కుక్క ముందు పరుగెత్తుకొచ్చింది, తాడు పట్టుకుని ఆయన వెనుక వచ్చారు. పంచె మోకాలి దగ్గర చిరిగింది, కళ్లజోడు చొక్కా జేబులో రెండు ముక్కలుగా ఉంది.

"ఏమైంది సార్?"

"ఏం గాలే," అన్నారు, తాడు నా చేతికిచ్చి. "గిది బడికి వచ్చే రకం కాదు. డైరెక్టుగ పరీక్షకు కూసునే రకం."

ఆదివారం నాలుగో రోజు. వెనుక ఆవరణలో పసుపు కొమ్ములు నున్నగా చేసే డ్రమ్ము తిప్పుతున్నారు. డ్రమ్ము కింద మెత్తటి పసుపు పొడి మోకాలెత్తు కుప్ప పడింది. నేను పప్పు దించి వచ్చేలోపల తాడు కొరికేసి కుక్క ఆ కుప్పలో దొర్లింది. ఒకసారి కాదు, తీరిగ్గా, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. లేచి దులపరించుకుంటే మా కూలీలు నలుగురూ తుమ్మారు. తెల్లకుక్క ముక్కు నుంచి తోక దాకా పసుపు కుక్క అయింది.

ఈ రంగులో దీన్ని ఎవరికి చూపించాలి? మరునాడు రైస్ మిల్లు యజమాని కాపలాకు కుక్క కావాలని చూడటానికి వస్తానన్నాడు. బావి దగ్గరికి లాక్కెళ్లి, బట్టల సబ్బు తీసి, ముఖం దగ్గర మొదలుపెట్టాను.

పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని మా ఆర్మూర్‌లో ఉయ్యాలలో పిల్లకు కూడా తెలుసు. నా పెళ్లయిన నాటి నుంచి ఎన్ని చీరల మీద చూడలేదు! నీళ్లతో జాడిస్తే మళ్లీ పసుపవుతుందనీ తెలుసు. కానీ నేను జాడించే చెంబు ఎత్తేలోపల కుక్క నా చేతుల్లోంచి జారి, ఇల్లంతా దాటి, ముందు గుమ్మంలోంచి వీధిలో పడింది. ఒళ్లంతా పచ్చగా, నుదుటి మీద ఎర్రగా అడ్డంగా నురగ. తొమ్మిది గంటల పది నిమిషాలు. ఎదురింటి అరుగు మీద ముగ్గురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు.

ముగ్గురి చేతులూ ఆగిపోయాయి.

బయటి ఊరివారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు మల్లన్న దేవుడి ప్రసాదం పసుపే, దాన్ని బండారి అంటారు. ఆయన రోజు ఆదివారం. ఆయన వెంట నడిచేది కుక్క. శివరాత్రి కూడా దగ్గర పడుతోంది.

ఎదురింటామె చాట దించి చేతులు జోడించింది. "మల్లన్న కుక్క!"

"మల్లన్న లేదు, ఎల్లన్న లేదు," అన్నాను గుమ్మంలోంచి, చేతిలో సబ్బుతో. "డ్రమ్ము కింద దొర్లింది. సబ్బు పెట్టిన, ఎర్రగైంది."

"నువ్వు సబ్బనే అనుకో అక్కా."

"అనుకునుడేంది? గిదిగో సబ్బు!"

"సబ్బు నీ చేతుల ఉన్నది. బొట్టు దాని నొసట ఉన్నది. పెట్టినోడు పైన ఉన్నడు."

దాన్ని వాకిట్లోనే పట్టుకుని రెండు చెంబులు పోస్తే ఎరుపు పోయింది. పోగానే ఆమె తక్కిన ఇద్దరి వైపు తిరిగి, "చూసిండ్రా? వచ్చిండు, చూపెట్టిండు, పోయిండు" అంది. నేను ఇంట్లోకొచ్చాను. ఇక మాట్లాడితే నా నోటికే నష్టం.

నిజానికి నష్టం కుక్కకు. మరునాడు వచ్చిన మిల్లు యజమాని, పచ్చటి కుక్కను దూరం నుంచే చూసి, జేబులోంచి తీసిన గొలుసు మళ్లీ జేబులో వేసుకున్నాడు. "వద్దక్కా. దేవుని కుక్కను మిల్లుకాడ గొలుసుకు కట్టేసి ఎలుకల మీదికి ఉసిగొల్పుమంటవా? నాకు పిల్లలున్నరు." ఆ వారంలో అయిదు ఇళ్లు అడిగాను. అయిదూ అదే మాట. ఇంట్లో పెట్టుకుంటే తిట్టకూడదు, కొట్టకూడదు, కట్టకూడదు. అవేవీ లేకుండా దీనితో ఎట్లా వేగడం? కానీ పెట్టడానికి మాత్రం అందరూ వచ్చారు. జొన్నరొట్టె, బెల్లం, పెరుగన్నం. ఎదురింటామె రోజూ రెండు పూటలా తెచ్చేది. అది ఆమె భుజాల మీద కాళ్లు వేసి ముఖమంతా నాకితే, "దీవెన" అని కళ్లు మూసుకునేది. తొమ్మిదో రోజుకు దానికి పొట్ట వచ్చింది, ఇల్లు రాలేదు.

"రేపొక్క దినం," అన్నారు మా ఆయన ఆ సాయంత్రం. దాని వైపు చూడకుండా అన్నారు. నేను ఆ పూట సరిగ్గా తినలేదు.

పదో రోజు శనివారం మధ్యాహ్నం మూడింటికి వేల్పూర్ నుంచి పసుపు తెచ్చిన ఒక కురుమ పెద్దాయన, గొంగడి భుజాన వేసుకుని, దుకాణం దాటి లోపలికి వచ్చాడు. గొర్రెలు కాస్తాడు, రెండెకరాల్లో పసుపు వేస్తాడు. మల్లన్న కుక్క ఉన్నదని వీధిలో విన్నాడట.

"సావుకారమ్మా, కుక్కను నాకిస్తవా? నా మందకు కుక్క లేదు."

ఇచ్చేస్తే అయిపోయేది. కానీ నేను ఉన్నదున్నట్టు చెప్పాను. డ్రమ్ము సంగతి, సబ్బు సంగతి, హెడ్మాస్టరు గారి నలభై ఒక్క గంట, చెప్పులు. మల్లన్నకూ దీనికీ ఏ సంబంధమూ లేదని, దీనికి రమ్మంటే పోవడం, పొమ్మంటే రావడం తప్ప ఏమీ రాదని.

ఆయన ఆఖరు దాకా ఓపికగా విని నవ్వాడు. పైన నాలుగు పళ్లే ఉన్నాయి.

"అమ్మా, నలభై ఏండ్ల సంది పసుపు పండిస్తున్న. సబ్బు పెడితే ఏమైతదో నాకు చెప్తున్నవా?"

"మరి తెలిసి ఎందుకు?"

"మా కోడలు. మస్తు మంచి పిల్ల, పనిమంతురాలు. కుక్క అంటే మాత్రం పడదు. కోళ్లను సాదుతది, గందుకు. రెండు కుక్కలను తెచ్చిన, రెండిటిని ఎల్లగొట్టింది. మల్లన్న కుక్క అంటే కట్టె ఎత్తదు." కొంచెం వంగి గొంతు తగ్గించాడు. "నాకు నేర్పనీకి ఆరు నెలలు కావాలె. ఆరు నెలలు దెబ్బ తినకుంటే ఏ కుక్కయినా నేర్చుకుంటది. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. ఇంక కడుగకు. ఆమె అడిగితే నోరు మూసుకో."

నన్ను నోరు మూసుకోమన్న మొదటి మనిషి ఆయనే. తాడు ఇచ్చాను. పోయేటప్పుడు కుక్క ఒకసారి కూడా వెనక్కి చూడలేదు, గొంగడి అంచు నోట కరుచుకుని దాన్ని లాగే పనిలో ఉంది.

ఇరవై ఒకటో రోజు, బుధవారం పదకొండింటికి, చుట్టిన బీడీలు కార్ఖానాలో ఇచ్చి ఒకామె నేరుగా మా గుమ్మం ముందుకు వచ్చింది. పాతికేళ్లుంటాయి. చెప్పకముందే ఎవరో తెలిసింది.

"సావుకారమ్మా, మా మామ అవసరానికి ఏదైనా చెప్తడు. నువ్వు అబద్ధం ఆడవని ఊరంత అంటరు. నీ నోటితోని చెప్పు. గది నిజంగ మల్లన్న కుక్కనేనా?"

"ఏం చేసింది?"

"ఏం చేసిందా? రెండు కోళ్లను తిన్నది. ఆరబెట్టిన మిరపకాయలల్ల పండుకున్నది. నా మీద కాళ్లేస్తది. మల్లన్నది అయితే ఉంటది, నా ఇంటికి అదృష్టమనుకుంట. కాకుంటే ఇయ్యాల్నే ఎల్లగొడ్త."

కళ్లాలు ఇంకా లేవలేదు. వేల్పూర్ చుట్టూ కూడా కొమ్ములు పరిచే ఉన్నాయి. ఎదురింటి అరుగు మీద బీడీలు చుట్టే చేతులు మళ్లీ ఆగాయి. రెండు వారాలకు పైగా నా సబ్బు కథ విని విసిగిన ఎదురింటామె, ఇప్పుడేమంటావో చూస్తానన్నట్టు గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

"మల్లన్నదే," అన్నాను.

"నీకెట్ల ఎరుక?"

"నొసట ఎర్రగ బొట్టు వచ్చింది. నా కండ్లతోని చూసిన."

"ఎప్పుడు?"

"ఆదివారం. పొద్దుగాల తొమ్మిది గంటల పది నిమిషాలకు."

ఆ పది నిమిషాల దగ్గర ఆమె ముఖం మారింది. గంట చెప్పే మనిషి కట్టుకథ చెప్పవచ్చు, నిమిషం చెప్పే మనిషి చెప్పదని అందరూ అనుకుంటారు. నేనూ అప్పటిదాకా అలాగే అనుకునేదాన్ని. ఆమె గుమ్మానికే దండం పెట్టి వెళ్లిపోయింది. ఎదురింటామె మాత్రం వదల్లేదు. "ఏమక్కా, సబ్బు అయిపోయిందా?" అని ఆ నెలంతా అడిగింది.

కుక్క అక్కడే ఉండిపోయింది. ఏటా పసుపుతో వచ్చినప్పుడు పెద్దాయన దాని సంగతులు చెప్పేవాడు. ఆరు నెలలు అన్నది పద్నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత ఈల వేస్తే మందను దాటి వచ్చి నిలబడేదట. 1997 వానాకాలంలో ముసలిదై చచ్చిపోయింది. కోడలు పసుపు చల్లి చేను గట్టున పాతిపెట్టించిందని చెప్పాడు.

ఆ పది రోజుల్లో, ఆ తర్వాత ఆ బుధవారం దాకా, దాని వల్ల పోయినవి ఇవి: చెప్పులు ఆరు, అందులో కుడివి అయిదు. తాళ్లు మూడు. పంచె ఒకటి, కళ్లజోడు ఒకటి, అవి హెడ్మాస్టరు గారివి. గుమ్మడికాయ వడియాలు ఒక చాట. బట్టల సబ్బు సగం బిళ్ల. వేల్పూర్‌లో కోళ్లు రెండు. అబద్ధం ఒకటి. అది పోయిన దాంట్లో రాయాలా, వచ్చిన దాంట్లో రాయాలా అని మా ఆయన నవ్వారు. పోయిన దాంట్లోనే రాశాను. దాని కింద, తువ్వాలు ఒకటి.