ఏరోడ్రోమమ్మకు పొంగలి

నెల్లితోపులో చెంగమ్మ నోటికి జడవని మనిషి లేడు. గోరిమేడు పెద్దాసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. ఆ చేతులకు అసహ్యం తెలియదు, ఆ నోటికి మొహమాటం తెలియదు. పూనకాలంటే మరీ ఒళ్లు మంట. వాళ్ల వంశంలో కుప్పమ్మాళ్‌కి ఏటా ఆషాఢంలో వచ్చే ఆడి నెల పొంగళ్ల నాడు అమ్మవారు పూనేది. ఒక ఏడు చెంగమ్మ బిందెడు నీళ్లు తెచ్చి ఆమె నెత్తిన గుమ్మరించి, "దిగిందా? లేకుంటే ఇంకో బిందె ఉండాది" అన్నది. జనం పగలబడి నవ్వారు. కుప్పమ్మాళ్ తడి చీరతోనే ఇంటికి పోయింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆ అమ్మవారి కొలువు విల్లియనూరు దాటాక ఒక పాడుబడ్డ మైదానంలో. యుద్ధకాలంలో తెల్లవాళ్లు దాన్ని విమానాలు దిగే ఏరోడ్రోముగా కట్టి, యుద్ధం ముగియగానే వదిలేసి పోయారు. చెంగమ్మ తాత అక్కడ కంకర మోసిన కూలీ. విమానాలు పోయాయి, గుడారాలు పోయాయి, పగుళ్లలో తుమ్మలు మొలిచిన సిమెంటు బాట మిగిలింది. దాని పక్కన నేలలోంచి జానెడు మేర, నున్నగా గుండ్రంగా పైకి తేలి కనిపించింది అమ్మ. ఎవరూ ప్రతిష్ఠించలేదు కాబట్టి తనంతట తానే వెలిసిందనుకున్నారు. ఏరోడ్రోమమ్మ అని పేరు పెట్టుకున్నారు. పసుపు మీద పసుపు మెత్తుతూ వచ్చారే తప్ప, కింద ఉన్నది రాయో మరొకటో చూసినవాడు లేడు.

ఈ ఏడు వానలకు గట్టు కోసుకుపోయి అమ్మ నడుము దాకా బయటపడింది. "అమ్మ పెరిగింది!" అని వంశమంతా పొంగిపోయింది. పెద్దరికం చెంగమ్మ మరిది చెల్లప్పన్‌ది. ఇంత పెరిగిన తల్లికి ఎడంగా వండితే మర్యాద కాదని, ఎప్పుడూ దూరంగా పెట్టే పొయ్యిలను అమ్మకు ఆనించి పెట్టించాడు. మొదటి కుండ చెంగమ్మ మనవరాలు అభినయది. సుఖంగా కాన్పు కావాలని మొక్కుకుని, ఏడో నెల కడుపుతో పొయ్యి ముందు కూర్చుని తాటిమట్టలు ఎగదోస్తోంది.

చెంగమ్మ పసుపునీళ్ల బిందెతో అమ్మకు నీళ్లు పోయడానికి వంగింది. అలవాటుగా అడుగు దాకా చేత్తో రుద్దింది. పసుపు పెచ్చు ఊడి తుప్పు కనిపించింది. ఇంకాస్త కిందికి తడిమితే మట్టిలో పల్చటి ఇనపరేకు తగిలింది, చేప తోకలాగా.

తాత చెప్పిన మాట చటుక్కున గుర్తొచ్చింది. "తోకలుండే ఇనప గుమ్మడికాయలు పాపా. మిగిలినవాటిని గొయ్యి తీసి పూడ్చిపెట్టి పోయినారు. ఆ దిక్కున మేం బీడీ గూడా ముట్టించేవాళ్లం గాదు." ఏ దిక్కున అని ఆనాడు ఎవరూ అడగలేదు. ఇప్పుడు చెంగమ్మ అరచేతి కింద ఆ ఇనుము వెచ్చగా ఉంది.

అరిస్తే జనం తొక్కిసలాడతారని భయపడి, మరిది దగ్గరకు పోయి మెల్లగా చెప్పింది. "చెల్లప్పా, అది సామి గాదు, బాంబు. పొయ్యిలు ఆర్పించు."

"ఏంది వదినా, ఇన్నాళ్లూ మనుషుల్ని ఎగతాళి చేసినావు, ఇప్పుడు అమ్మనే చేస్తా ఉండావా? భయమైతే పోయి బస్టాపులో కూర్చో."

చెంగమ్మ మనవరాలి రెక్క పట్టుకుని లాగింది. "లేయ్‌మే, చెప్తా ఉండా."

"పొంగకముందే లేస్తే బిడ్డకు మంచిది కాదవ్వా," అని ఆ పిల్ల కదలనంటే కదలనంది.

ఇక చెంగమ్మ ఆగలేదు. బిందెలోని పసుపునీళ్లన్నీ ఆ పొయ్యిలో కుమ్మరించింది. మొక్కుబడి నిప్పు ఆర్పడమంటే మాటలా! ఆడవాళ్లు కెవ్వుమన్నారు. చెల్లప్పన్ చెయ్యెత్తుకుని మీదికొచ్చాడు. పక్క పొయ్యిలు ఇంకా భగభగ మండుతున్నాయి.

అప్పుడు చెంగమ్మ జుట్టు విప్పుకుంది. ఎలా ఊగాలో ఆమెకేం తెలుసు? కుప్పమ్మాళ్‌ని వెక్కిరిస్తూ ఇంట్లో ఊగి చూపించేదే, అదే ఊపు ఊగింది. "ఒరే చెల్లప్పా! నా ఒళ్లు కాల్చి నాకే పొంగలి పెడతావంట్రా? ఆర్పండి పొయ్యిలు! ఈ సిమెంటు దోవ ఆ కొస దాకా నడవండి! ఎనక్కి తిరిగి చూసినోళ్ల ఇంట్లో దీపం ఎలగదు!"

కొందరు చేతులు జోడించారు. చెల్లప్పన్ మాత్రం జోడించలేదు. కర్పూరం వెలిగించి ముందుకొచ్చాడు. నిజంగా పూనితే చెయ్యి కాలదని వాళ్ల నమ్మకం. "అమ్మవైతే పట్టు."

చెంగమ్మ చెయ్యి చాచింది. చర్మం కాలే వాసన ఆమెకే కొట్టింది. పళ్లు బిగబట్టింది కానీ కన్నీళ్లను ఆపలేకపోయింది. చెల్లప్పన్ చూడనే చూశాడు. "దొంగ పూనక..."

ఆ మాట పూర్తి కాకముందే కుప్పమ్మాళ్ వచ్చి చెంగమ్మ కాళ్ల మీద పడింది. "మా అమ్మే! ఈ గొంతు మా అమ్మదే! ఇన్నేళ్లు నన్ను ఏలిన తల్లిని నాకు తెలవదా? నీళ్లు పొయ్యండే, నడవండే!" అని గుండెలు బాదుకుంది. ఆమె మాటకు ఎదురాడే ధైర్యం ఎవరికుంది? బిందెలు బోర్లాపడ్డాయి, పొయ్యిలు చుయ్‌మన్నాయి. కుప్పమ్మాళే అభినయను పొదివి పట్టుకుని బాట మీద ముందు నడిచింది. ఒక్కరూ వెనక్కి తిరగలేదు. కాసేపటికి చెల్లప్పన్ కూడా తల వంచుకుని వెంట నడిచాడు.

బాట కొసకు చేరాక చెంగమ్మే పోలీసులకు ఫోను చేయించింది. మర్నాడు బాంబులు తీసేవాళ్లు వచ్చి, చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి దాన్ని పేల్చేశారు. అంత దూరాన రోడ్డు మీద నిలబడ్డవాళ్లకూ కాళ్ల కింద నేల కదిలింది. చెల్లప్పన్ ఉన్నచోటనే కూలబడ్డాడు. అభినయ కడుపు మీద చెయ్యి వేసుకుని అవ్వను కరుచుకుపోయింది.

ఆ సాయంత్రం చెంగమ్మ ఇంటి ముందు ఆడవాళ్లు బారులు తీరారు, ఆమె కట్టుకట్టిన చేతికి మొక్కిపోవడానికి. అందరూ పోయాక కుప్పమ్మాళ్ ఒక్కతే మిగిలింది.

"నాకు పూనలేదని నీకు తెలిసిపోయింది గదా?" అడిగింది చెంగమ్మ.

"పూనకాలంటే పడని నువ్వే ఊగినావంటే ఏదో ముప్పుండాదనుకుంటి. పైగా ఏడిస్తివి గదక్కా. ఏడవకుండా పట్టేది నాకూ శానా నాళ్లకు గానీ రాలేదు."

చెంగమ్మ తెల్లబోయి చూసింది. "అంటే నీకు..."

కుప్పమ్మాళ్ తన అరచెయ్యి చాపింది. మచ్చ మీద మచ్చ, గీతలే కనబడవు. "ఏడాది పొడుగునా నన్ను కొట్టే మొగుడు, ఆ ఒక్క పొద్దు మాత్రం నా కాళ్లకు మొక్కేవాడక్కా."

చెంగమ్మ ఆ చెయ్యిని తన ఒళ్లోకి తీసుకుంది. పొద్దున బాంబు పేలినప్పుడు కూడా చెక్కుచెదరని మనిషి, ఆ చేతి మీద వాలిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది.