పిల్లి దోపని పెంకు

తిరువూరులో గూనపెంకుల ఇళ్ళు ఎక్కువగా ఉన్న రోజుల్లో, మే నెల వస్తే మరియదాసు కోసం కబురు మీద కబురు వెళ్ళేది. వానలకు ముందు పెంకులన్నీ దింపి, పగిలినవి ఏరేసి, మళ్ళీ వరసలు పేర్చడం ఆయన పని. పైకెక్కాక వాసం ఎక్కడుందో అరికాలితో తెలుసుకునేవాడు. ముప్పై ఏళ్ళలో ఆయన పేర్చిన ఇల్లు కారిందన్న మాట లేదు. ఇది పొగడ్త కాదు. వానాకాలాలు ఆ కప్పుల కింద గడిపినవాళ్ళు చెప్పే మాట.

1974 జూన్‌లో, మరియదాసు నెల కిందటే పేర్చిన సుందరరాజు మాస్టారిల్లు తొలివానకే కారింది. కారడం కూడా సరిగ్గా ఆయన ట్రంకుపెట్టె మీద. లోపలున్న సర్టిఫికెట్ల మీద సిరా అలికినట్టయింది.

దోషి కోసం మాస్టారు ఎక్కువ వెతకలేదు. పక్కింటి పీర్‌బీ పిల్లి మున్నీ, గోడ మీంచి ఆయన కప్పు మీదికి రోజూ రాకపోకలు సాగిస్తూనే ఉంది. పాలు తాగింది, ఎండబెట్టిన చేపలు ఎత్తుకెళ్ళింది, మల్లెపాదు తవ్వి తన పని కానిచ్చుకుంది. నేరాలన్నీ నిజమే. పీర్‌బీ గాజులమ్ముతూ పొద్దస్తమానం ఊళ్ళు తిరిగే మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. సాయంత్రం ఆమె గుమ్మంలో ఎదురుచూసే ప్రాణి ఆ పిల్లి ఒక్కటే. మాస్టారు గోడ దగ్గర నిలబడి అరిచినప్పుడల్లా ఆమె, "మీ చేపలకి మూత పెట్టుకోండి మాస్టారూ! దొంగిలించకూడదని మా మున్నీకి ఎవరూ బైబిలు చదివి చెప్పలేదు" అనేది.

పిల్లిని చంపితే పాపమని చెప్పేవాళ్ళు వీధినిండా ఉన్నారు. వాళ్ళకి తోచిన పుణ్యమార్గం, గోనెసంచిలో కట్టి బస్సెక్కించి గంపలగూడెం అవతల వదిలేయడం. అక్కడ కుక్కలు పీక్కు తింటే ఆ పాపం గంపలగూడెం వాళ్ళది కాబోలు.

మాస్టారికి ఒక సాక్షి కావలసివచ్చాడు. మరియదాసుని పిలిపించాడు.

"ఎక్కి చూడు మరియదాసూ. నీ పనిలో వంక ఉండదని నాకు తెలుసు. పిల్లే కదిపిందని ఆ పీర్‌బీతో ఒక్క మాట చెప్పు, చాలు."

మరియదాసు ఎక్కాడు. కారిన చోట చేత్తో తడిమాడు. పై పెంకు అంచు కింది పెంకు మీద పడాలి. అప్పుడే నీళ్ళు జారి చూరు దాకా పోతాయి. ఇక్కడ నాలుగు పెంకుల అంచులు కిందివాటి అడుగుకు దూరి ఉన్నాయి. పిల్లి పెంకుని జరపగలదు, పగలగొట్టగలదు. పెంకెత్తి దాని కింద ఇంకోటి దోపలేదు. అది మనిషి చెయ్యి చేసే పని. ఆ చెయ్యి ఎవరిదో ఆయనకి తెలుసు. రెండేళ్ళుగా ఎండలోకి వెళ్తే కళ్ళకి తెల్లటి పొర అడ్డం వస్తోంది. వేళ్ళు చూసుకుంటాయిలే అని ఎవరికీ చెప్పలేదు.

నాలుగూ సరిచేసి దిగాడు.

"పిల్లేనా?"

"పిల్లేనండి."

ఆయన్ని తప్పుపట్టడం తేలిక. కప్పెక్కడం తప్ప మరో పని రాని మనిషికి చూపు తగ్గిందని ఊరికి తెలిస్తే, ఆ పూటతో ఆయన పని అయిపోయినట్టే.

ఇద్దరూ పీర్‌బీ గుమ్మం ముందుకి వెళ్ళారు. మాస్టారు పోట్లాటకి సిద్ధపడే వెళ్ళాడు. ఆమె ఆయన వైపు చూడనేలేదు.

"నువ్వు చూశావా మరియన్నా?"

ఆయన తలూపాడు.

"మాస్టారు చెప్తే వినేదాన్ని కాదు. నువ్వు చెప్పావు, ఇంకేముంది." లోపలికెళ్ళి గోనెసంచి తెచ్చింది. పిల్లిని పేరు పెట్టి పిలిచి, వీపు నిమిరి, తనే సంచిలోకి దించింది. అది అరవలేదు. అలవాటైన చేతులే కదా. "మూతి నువ్వు కట్టన్నా. నాకు చేతులాడటం లేదు."

మరియదాసు పురికొస అందుకుని ఒక చుట్టు చుట్టాడు. రెండో చుట్టు పడలేదు.

"నేను కట్టలేనమ్మా. ఇది చేసింది పిల్లి కాదు. పెంకు తిరగేసి దోపింది నేనే. నాకు సరిగ్గా కనపట్టం లేదు."

"జాలిపడి అంటున్నావు, ఊరుకో" అన్నాడు మాస్టారు.

"జాలేంటండీ! పెంకెత్తి పెంకు దోపే పిల్లి ఎక్కడైనా ఉందా? పిల్లలకి పాఠాలు చెప్తారు, మీరే చెప్పండి."

పీర్‌బీ పురికొస లాగి పారేసింది. "ముందే చెప్పి చావొచ్చుగా అన్నా! నా చేత్తో నేనే పంపేసేదాన్ని" అని తిట్టి, అరుగు మీద కూలబడి ఏడ్చింది.

ఆ ఆదివారం మాస్టారు చర్చిలో లేచి, వేరే చర్చి మనిషే అయినా మరియదాసు నిజాయితీని మెచ్చుకుంటూ సాక్ష్యం చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఆ తర్వాత ఒక్కరూ ఆయన్ని పనికి పిలవలేదు. అందులో అన్యాయం లేదు. కారే కప్పు కింద పడుకోమని ఎవరినీ అడగలేం. కాకపోతే ఆమెన్‌తో అన్నం ఉడకదు. ఆ సంగతి ఆ ఆదివారం ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

పిలవకపోయినా మరియదాసే వెళ్ళాడు. ఆ వేసవిలో తను పేర్చిన ఇళ్ళు పదకొండు. ఒకప్పుడు తన దగ్గరే పని నేర్చుకుని పెనుగొలనులో కాపురముంటున్న లాజరుని బతిమాలి తెచ్చుకున్నాడు. ప్రతి గుమ్మం ముందూ నిలబడి, "మీ ఇల్లు కారొచ్చండి. ఒకసారి చూడనివ్వండి" అన్నాడు. కొందరు తిట్టారు. ఒకావిడ మంచినీళ్ళిచ్చింది. రెండిళ్ళలో అదే తప్పు బయటపడింది.

ఏడో ఇంటి కప్పు మీంచి లాజరు కేకేశాడు.

"ఇది బ్రహ్మాండంగా ఉంది బాబాయ్. దిగనా?"

మరియదాసు ముఖం పైకెత్తాడు. ఆయనకి అక్కడ వెలుగు తప్ప ఏమీ కనపడలేదు.

"పైనుంచి చూస్తే నాకూ అట్టాగే ఉండేదిరా" అన్నాడు. "దిగమాక. ఒక్కోటీ ఎత్తి చూడు."