యాదమ్మ అతికించిన బొట్టు

ఫేస్‌బుక్‌లో ఈజిప్టు ఆడపిల్లల పేజీ ఒకటి చూస్తుంటా. వీధిలో ఎక్కడ ఎవడు ఏడిపించినా, ఆ చోటును వాళ్లు మ్యాపులో ఎర్ర చుక్కతో గుర్తు పెడతారు. అది చూసి నేనూ మా మిర్యాలగూడ మ్యాపు చార్టు మీద గీసి, కాలేజీ పిల్లలతో చుక్కలు పెట్టించిన. పెద్ద పని చేసిన్నని తెగ మురిసిపోయిన.

ఈ రోజు పొద్దున మా కాలేజీ ఊడ్చే యాదమ్మ, చీపురు పట్టుకొని ఆ చార్టు ముందు ఆగింది. చుక్కలు ఎందుకో చెప్పిన.

"మరి ఆటోల అడ్డ కాడ సుక్క లేదేంది మేడం?"

"అక్కడ ఏం జరగలేదన్నరు పిల్లలు."

"పొద్దుగాల ఐదింటికి మీ పిల్లలు గాడ ఉంటరా? నాట్లకు పోయేటోళ్లు, ఊడ్సేటోళ్లు, మేముంటం."

ఆటో అడ్డ ఎక్కడో నన్నడిగి, నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి అక్కడ అతికించింది, స్నానానికి పోతూ అద్దానికి అతికించినట్టు. "ఇన్నేండ్ల సంది ఎవ్వరడిగిన్రు మమ్మల్ని?" అని మళ్లీ ఊడ్వబట్టింది.

బొట్టు అతికించిన చార్టు ఫోటో ఆ ఈజిప్టు పేజీలో పెట్టి సంగతి రాసిన. కైరో నుంచి ఒకమ్మాయి, "ఆ అమ్మకు మా అందరి సలాం చెప్పండి" అన్నది. ముందు ఎవరికి థాంక్స్ చెప్పాలో నాకే తెలుస్తలేదు.

మీ ఊర్ల ఎవర్ని అడగడం మర్చిపోయిన్రో మీరూ ఒకసారి చూసుకొని చెప్పండి. మేం క్రైస్తవులం, మా ఇంట్ల బొట్టుబిళ్లలు ఉండవు. ఇప్పుడే బజారుకు పోయి రెండు ప్యాకెట్లు తెచ్చిన. రేపు పొద్దున ఐదింటికి చార్టు పట్టుకొని ఆటో అడ్డ కాడ ఉంటా.