ఎల్లమ్మ ఫోటోకు నేను వేసిన దండ

బతికున్న మనిషికి సంతాప సభ జరిపించిన ఘనత మా విశ్వవిద్యాలయంలో నా ఒక్కడిదే. కావాలని చేయలేదు లెండి. కావాలని చేస్తే అంత చక్కగా కుదరదు.

అప్పుడు నేను రాజమండ్రి నుంచి కొత్తగా వచ్చిన లెక్చరర్ని. చుట్టుపక్కల జనాన్ని మా సదస్సులకు రప్పించే పని నా నెత్తిన పెట్టారు. కొత్తవాడు కాదనలేడని వాళ్ల ధైర్యం. నేనేమో అది దేశోద్ధరణ అనుకుని ఊగిపోయాను. మా క్యాంపస్ గోడకు ఒకవైపు నల్లగండ్ల, ఇంకోవైపు గోపన్‌పల్లి. పొలాలన్నీ అపార్ట్‌మెంట్లయ్యాక అక్కడ నాట్ల పాటలు వచ్చినవాళ్లలో ఎల్లమ్మ ఒక్కతే మిగిలింది. ఆమెను పిలవడానికి వెళ్తే నన్ను ఎగాదిగా చూసింది.

"నాటేసేటోళ్లే లేరు. ఇగ పాటెవరికి బిడ్డా?"

"మాకేనండి. నల్లగండ్ల నుంచి, ఆఫీసుల నుంచి చాలామంది వస్తారు."

"ఇంట్ల పాడితె మనవళ్లు టీవీ సప్పుడు పెంచుతరు. సచ్చేలోపట ఒక్కసారన్న నలుగురు కూసోని వింటె సాలు. వస్త తీయి."

హాలు గుమ్మం దగ్గర పెట్టడానికి ఫోటో తీస్తానంటే నోరారా నవ్వింది. "అత్తమ్మకు ఇంతవరకు మంచి ఫోటో ఒక్కటి లేదు సారూ" అంది కోడలు పద్మ. దాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించాను.

సదస్సు రోజు పొద్దున వేదిక మీద దీపపు కుందె ఉంది, దాని వెనక పెట్టాల్సిన సరస్వతి పటం లేదు. అది తేవలసినవాడు ఎవరని అడక్కండి, నేనే. మా విభాగాధిపతి కాఫీ కప్పుతో వచ్చి, "ఏంటండీ ఇలా బోసిగా ఉంది? ఏదో ఒకటి పెట్టండి!" అని వెళ్లిపోయారు.

గుమ్మం దగ్గరున్న ఎల్లమ్మ ఫోటో తెచ్చి పెట్టాను. ఇంకా ఏదో వెలితి. ముఖ్య అతిథి కోసం తెచ్చిన చామంతి దండ తీసి ఫోటోకు వేశాను. గాలికి ఆరుతుందేమో చూద్దామని దీపం కూడా వెలిగించాను. రెండడుగులు వెనక్కి వేసి, పెళ్లికూతుర్ని ముస్తాబు చేసినంతగా మురిసిపోయాను.

మన ఇళ్లలో పాలు తాగే పిల్లలకు కూడా దండ వేసిన ఫోటో, ముందు దీపం ఉంటే అర్థమేమిటో తెలుసు. నాకు తట్టలేదు. నవ్వండి, పర్వాలేదు.

నేను ఎల్లమ్మ ఆటో కోసం గేటు దగ్గరికి పరిగెత్తాను. ఆమెనూ పద్మనూ వెంటబెట్టుకుని వచ్చేసరికి హాల్లో అందరూ లేచి నిలబడి ఉన్నారు. నా గుండె పొంగిపోయింది.

"చూశారా ఎల్లమ్మగారూ, మీరొస్తున్నారని అందరూ లేచారు!"

"మరి తలకాయలెందుకు దించిండ్రు బిడ్డా?"

ఆమె కూడా మర్యాదగా కొంగు సర్దుకుని తల దించింది. నా చెవి దగ్గర గుసగుసగా, "ఎవలు పోయిండ్రు?" అని అడిగింది.

అప్పుడు చూశాను వేదిక వైపు. నేను వేసిన దండ, నేను వెలిగించిన దీపం. అదే క్షణంలో మైకు ముందు మౌనం పాటిస్తున్న మా విభాగాధిపతి కళ్లు తెరిచి ఎల్లమ్మను చూశారు. "అమ్మ బాబోయ్!" అన్న కేక హాలంతా మోగింది.

"క్షమించండి, తప్పు నాదేనండి, పటం మరిచిపోయి..." అని నేను నీళ్లు నములుతున్నాను. ఎల్లమ్మ నన్ను పక్కకు జరిపి వేదిక ఎక్కింది. ఫోటోను చూసింది. పక్కకు జారిన దండను సరిచేసింది.

"మంచిగనే ఉన్న. సచ్చినంక ఎవలొస్తరో, ఎవలు రారో ఎవలికి ఎరుక? నేను కండ్లార సూసుకున్న" అని నవ్వింది. ఆ తర్వాతే మిగిలినవాళ్లకు నవ్వే ధైర్యం వచ్చింది.

తర్వాత పాడింది. బురదలో నడుం వంచిన ఆడవాళ్లందరూ ఆ గొంతులో ఉన్నారు. ఒక్క ఫోను మోగలేదు. నల్లగండ్ల నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు కళ్లు తుడుచుకున్నారు. వెళ్లేటప్పుడు ఎల్లమ్మ ఫోటో చంకన పెట్టుకుంది, దండలోంచి రెండు పూలు తెంపి పద్మ జడలో గుచ్చింది. ఈ జన్మలో మరే ఫోటోకూ దండ వేయనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

మరుసటి వానాకాలం పద్మ ఫోన్ చేసింది. "అత్తమ్మ పోయింది సారూ."

వెళ్లాను. ముందు గదిలో అదే ఫోటో, ముందు దీపం. చేతిలో చామంతి దండ ఉంది గానీ చెయ్యి లేవలేదు. ఏడుపు ఆగలేదు. పద్మ పక్కన నిలబడింది.

"దండ ఎయ్యి సారూ. ఫస్టు దండ నువ్వేసిందే గద. అప్పుడు గూడ గిట్లనే నవ్వింది."

వేశాను. ఎల్లమ్మ నవ్వుతూనే ఉంది. ఈసారి దండ జారితే సరిచేసుకోవడానికి ఆమె రాలేదు. నేనే సరిచేశాను.

కాబట్టి పాత ఒట్టు చెల్లలేదు. మీ అందరి సాక్షిగా కొత్తది పెట్టుకుంటున్నాను: ఇకమీదట ఏ ఫోటోకైనా దండ వేసేముందు ఆ మనిషి ఇంటికి వెళ్లి చూసి వస్తాను. మనిషి ఉంటే దండ గుమ్మం బయటే వదిలేసి, టీవీ కట్టేయించి, పాట వినే వస్తాను.