చల్లబడిన కాలు

ఇంద్రసేనకు కాళ్లంటే రోత. అయినా అబిడ్స్‌లోని చెప్పుల దుకాణంలో ముప్పై ఏళ్లుగా పరాయి కాళ్లకు చెప్పులు తొడగడమే అతని పని. చెమట కంపు, పగిలిన మడమలు, మట్టి పట్టిన గోళ్లు. పైకి నవ్వుతూనే, గిరాకీ వెళ్లగానే చేతులు రుద్ది రుద్ది కడుక్కునేవాడు.

నిరుడు అతని కుడి మోకాలి వెనక రక్తనాళం బుడగలా ఉబ్బింది. డాక్టర్లు దానిలోకి స్టెంట్ గ్రాఫ్ట్ ఎక్కించారు. అంటే గుడ్డ తొడిగిన సన్నటి లోహపు గొట్టం. రక్తం గడ్డకట్టకుండా పలచబరిచే గోళీలు రాసిచ్చారు. వాటితో చేతుల నిండా ఊదారంగు మచ్చలు లేచాయి. చెప్పు తొడగబోతే ఒకామె ఆ చేతులను చూసి కాలు వెనక్కి లాక్కుంది. ఇంద్రసేనకు తన ఒళ్లే అసహ్యమైపోయింది. ఆ రోజే గోళీలన్నీ మోరీలో పారేశాడు.

కొన్నాళ్లకు, ఒక పొద్దున కాలు మొద్దుబారింది. భార్య అహల్య ముట్టుకుని ఉలిక్కిపడింది.

"ఏందయ్యా, గిట్ల మంచుగడ్డ లెక్కుంది? కాలి ఏళ్లు నీలంగైనయ్! జల్ది దవాఖానకు నడువు."

"ముట్టకు. ఛీ, పీనుగ కాలు లెక్కుంది."

నాంపల్లి దవాఖానలో డాక్టర్ మేఘన ఆ పాదాన్ని చేతుల్లోకి తీసుకుని నాడి వెతికింది. ఇంద్రసేన మొహం తిప్పుకున్నాడు.

"రక్తం గడ్డకట్టి గ్రాఫ్ట్ మూసుకుపోయింది. గోళీలు వేసుకుంటున్నారా?"

"పారేసిన."

అహల్య నెత్తి కొట్టుకుంది. "కాలు తీసేస్తరా డాక్టరమ్మా?"

"అంతదాకా రాలేదమ్మా. పెద్ద కోత కూడా లేదు. ఎడమ గజ్జ దగ్గర సన్నటి గొట్టం దూర్చి, అక్కణ్నుంచి కుడి కాల్లోకి పంపి, మందుతో గడ్డను కరిగిస్తాం. మిగిలింది లాగేస్తాం."

మర్నాటిదాకా మందు ఎక్కుతూనే ఉంది. కాలు కదపకూడదు. అన్నీ మంచంలోనే. ఆయా వచ్చి తుడుస్తుంటే ఇంద్రసేనకు చచ్చిపోవాలనిపించింది. తన కంపుకు తనకే వాంతి వచ్చింది.

లాగిన గడ్డలను మేఘన పళ్లెంలో చూపించింది. జలగల్లా నల్లగా, జిగటగా ఉన్నాయి.

"థూ! ఇవి నాలోపలివేనా? తీసెయ్యుండ్రి!"

ఇరుకైన చోట బెలూన్ ఉబ్బించి గ్రాఫ్ట్‌ను వెడల్పు చేశారు. సాయంత్రానికి పాదం వెచ్చబడింది.

ఇప్పుడు రోజూ పొద్దున అహల్య గోళీ, నీళ్లు ఇచ్చి ఎదురుగా నిలబడుతుంది.

"నోరు తెరువు. నాలుక కింద సూడాలె."

"నేనేమన్న పోరణ్ణా?"

"పోరడైతే నయముండె."

అతను మొహం చిట్లించి గోళీ మింగి, పనికి బయల్దేరతాడు.